ఒవీడ్ తాత చావు పాట

ఆగస్టు ఎండలో, శ్మశానం మధ్యలో, డెల్టన్ పిట్రే తుమ్మాడు.

తుమ్మడం తప్పేమీ కాదు. కాకపోతే అప్పుడతని పెదవుల మీద ఇత్తడి బాకా ఉంది. బుగ్గలు రెండూ పొంగించి, కళ్ళు అరమూసి, పోయిన సైనికుడికి వీడ్కోలు పాట ఊదుతున్నాడు. తుమ్ము రాగానే బాకా మోకాలి దాకా జారింది. పాట మాత్రం జారలేదు. ఆ మోకాలి దగ్గర్నుంచే, ఒక్క స్వరమైనా తప్పకుండా, నింపాదిగా సాగిపోయింది.

బాకా లోపల పాటల పెట్టె ఉందనీ, మీట నొక్కితే అదే పాడుతుందనీ, డెల్టన్ ఉత్తినే బుగ్గలు పొంగిస్తాడనీ కనార్ ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసినా తెలియనట్టుండటం మర్యాద. ఆ రోజు మాత్రం శవపేటిక మీది జెండా మడుస్తున్న ఇద్దరికీ భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. వాళ్ళు ఏడుస్తున్నారనుకుని పోయినాయన భార్య ఇద్దరి వీపులూ నిమిరింది.

ముందు వరసలో చక్రాల కుర్చీలో ఒవీడ్ నకాన్ ఉన్నాడు. తొంభై రెండేళ్ళు. కొరియా యుద్ధానికి వెళ్ళి వచ్చినవాడు. మామూలుగా ఆయనకు చెవులు సరిగా పనిచేయవు. ఆ రోజు పనిచేశాయి.

"నేను చావను," అన్నాడు గట్టిగా.

"ఇప్పుడు నిన్ను ఎవరు చావమన్నారు బాబాయ్?" అన్నాడు డెల్టన్, ముక్కు తుడుచుకుంటూ.

"నా మీద ఆ డబ్బా పాడుతుందంటే చచ్చినా చావను. అదిగో, వాడు ఊదితేనే చస్తా." ఒవీడ్ చేతికర్ర ఎత్తి కంచె అవతలికి చూపించాడు.

కంచె అవతల, తన పాత ట్రక్కుకు ఆనుకుని, ప్లాసిడ్ వెరెట్ నిలబడి ఉన్నాడు. లోపలికి రావద్దని ఎవరూ అనలేదు. మాజీ సైనికులంతా తమ సంఘం హాలు టోపీలు పెట్టుకుని వరసగా నిలబడే చోట, బోడి తలతో నిలబడటం ఇష్టం లేక అతనే ప్రతిసారీ బయట ఆగిపోతాడు.

"వాడి కాగితం సంగతి నీకు తెలుసు కదా," అన్నాడు డెల్టన్ గొంతు తగ్గించి. "సెల్యూట్ జట్టులో నిలబడాలంటే గౌరవంగా విడుదలైన కాగితం ఉండాలి. హాలు నియమం. నేనేం చెయ్యను?"

"ఆ నియమం రాసింది నువ్వే కదరా! నీ కోడిగీతలు నేను గుర్తుపట్టలేననుకున్నావా?"

ప్లాసిడ్ బతుకంతా కనార్‌లోనే గడిచింది, మధ్యలో నాలుగేళ్ళు తప్ప. తల్లి పోయాక మేనత్త ఒడీల్ పెంచింది. బడి బ్యాండులో అతను ట్రంపెట్ ఊదితే కాలవ అవతల గట్టు మీద కుక్కలు కూడా మొరగడం మాని వినేవని ఒడీల్ చెబుతుంది. కుక్కల మాట ఎలా ఉన్నా, మనుషులు మాత్రం వినేవారు. పద్దెనిమిదేళ్ళు నిండాక సైన్యంలో చేరాడు. ఇరాక్‌లో నీళ్ళ ట్రక్కు నడిపాడు. తిరిగొచ్చాక గంజాయి తాగి దొరికాడు. మూత్ర పరీక్షలో తేలింది, ఒక్క నెలలో ఇంటికి పంపేశారు. చేతికిచ్చిన కాగితంలో విడుదల గౌరవమైనది కాదనీ, కారణం మత్తుపదార్థాల దుష్ప్రవర్తన అనీ ఉంది. కిందన గడిలో అధికారి సంతకం. అప్పటినుంచి పడవల మోటార్లు బాగుచేస్తూ బతుకుతున్నాడు. ఆ కాగితం మాత్రం ఒడీల్ ఇంట్లో గిన్నెలు కడిగే మిషనులో ఉంటుంది. మిషను కొని ఇరవై ఏళ్ళయినా అందులో ఒక్క గిన్నె పడలేదు. రబ్బరు తలుపుతో గట్టిగా మూసుకుంటుంది కాబట్టి తుపాను నీళ్ళు దూరవని, ఆ వీధిలో అందరూ ముఖ్యమైన కాగితాలు అందులోనే దాస్తారు.

శ్మశానం నుంచి తిరిగొచ్చిన వారానికి ఒవీడ్ తన మాట నిజమని చూపించుకోవడానికన్నట్టు జ్వరం తెచ్చుకున్నాడు. డాక్టరు పెదవి విరిచాడు. ఒవీడ్ పళ్ళు బిగించి మూడు రోజుల్లో లేచి కూర్చున్నాడు.

"చూశావా?" అన్నాడు తనను చూడటానికి వచ్చిన ప్లాసిడ్‌తో. "ఈసారి ఆపుకున్నాను. ఎన్నిసార్లని ఆపుకోనురా? ఆ కాగితమేదో మార్పించుకో. నా ప్రాణం తీయకు, అంటే... తీసే ఏర్పాటు చెయ్యి."

ఊరి లైబ్రరీలో పుస్తకాలు చూసుకునే ఎర్లీన్ మంగళవారాలు మాజీ సైనికుల అర్జీలు కూడా రాసిపెడుతుంది. ప్లాసిడ్ కాగితం విప్పి, తేదీ చూసి, కళ్ళజోడు తీసేసింది.

"నువ్వు బయటికొచ్చి పదిహేనేళ్ళు నిండేలోపు అర్జీ చేరితేనే ఈ కాగితాలు మార్చే సైన్యం బోర్డు వాళ్ళు నిన్ను కూర్చోబెట్టి నీ మాట వింటారు. ఆ తర్వాతైతే ఇంకో ఆఫీసు, ఉత్త కాగితాలు చూసి తేలుస్తారు. నీకెన్నాళ్ళుందో తెలుసా?"

"ఎన్నాళ్ళక్కా?"

"ఏడు వారాలు. ఇన్నేళ్ళూ ఏం చేశావ్?"

"మోటార్లు బాగుచేశాను."

నీ మంచితనం గురించి నలుగురి చేత ఉత్తరాలు రాయించమంది ఎర్లీన్. నలుగురేం ఖర్మ, ముప్ఫై ఒక్కమంది రాశారు. చర్చి ఫాదర్ రాసింది ఇలా ఉంది: "ఇతను ప్రతి ఆదివారం వస్తాడు. నా ప్రసంగం మొదలవగానే గురక పెడతాడు. అది మత్తు గురక కాదు, నిజాయితీగా కష్టపడ్డవాడి గురక అని నలభై ఏళ్ళ అనుభవంతో చెప్పగలను." నాట్యశాల యజమాని రాసింది ఇంకా చిన్నది: "బీరు తప్ప ఏమీ ముట్టడు. బీరు సంగతి అడగవద్దు." చిన్ననాటి స్నేహితుడొకడు పూర్తి పేరు, ఇంటి నంబరుతో సహా రాశాడు: "ప్లాసిడ్ గంజాయి పూర్తిగా మానేశాడనడానికి నేనే సాక్షిని. ఎన్నిసార్లు ఇవ్వబోయినా తీసుకోలేదు."

ఆ ఉత్తరాన్ని ఎర్లీన్ నాలుగు మడతలు పెట్టి తన చేతిసంచిలో వేసుకుంది. "ఇది పంపితే ఒకరు బయటపడి ఇంకొకరు లోపల పడతారు," అంది.

అర్జీ గడువుకు తొమ్మిది రోజుల ముందు చేరింది. విచారణ ఏప్రిల్‌కి పడింది. వాషింగ్టన్ దగ్గర ఎక్కడో అయిదుగురు అధికారులు కూర్చుంటారు, ప్లాసిడ్ లైబ్రరీ వెనక గదిలో కంప్యూటరు ముందు కూర్చోవాలి. ఈలోపు ఊరంతా లాయరైపోయింది. గసగసాల కేకు తిన్నందుకే పరీక్షలో అలా తేలిందని చెప్పమన్నారు కొందరు. పక్కవాడి పొగ పీల్చానని చెప్పమన్నారు ఇంకొందరు. పరీక్ష సీసాలు తారుమారయ్యాయని చెప్పమన్నాడు డెల్టన్, నియమాల మనిషి. ప్లాసిడ్ అందరికీ తలూపాడు. అసలెందుకు తాగావని మాత్రం ఊళ్ళో ఎవరూ అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఒడీల్ అత్త సలహా ఇవ్వలేదు. ఆమె పనే చేసింది.

కనార్‌లో ఎవరినైనా ఏదైనా అడగాలంటే ఉత్త చేతులతో వెళ్ళరు. నిచ్చెన అరువడగాలన్నా చేతిలో గిన్నె ఉండాలి. అయిదుగురు పెద్దమనుషులు పని మానుకుని మనవాడి గోడు వింటుంటే ఏమీ పంపకపోతే వాళ్ళేమనుకుంటారు? ఏప్రిల్ అంటే బురదరొయ్యలు నిండుగా పట్టే కాలం. రొయ్యకు ఎక్కువ, పీతకు తక్కువగా, ఎర్రటి డెక్కలతో ఉంటాయవి. ఒడీల్ ఒక బస్తాడు, ప్రాణంతో ఉన్నవి, ఐసుపెట్టెలో సర్ది, నిమ్మకాయలూ కారప్పొడి పొట్లమూ పెట్టి, "అయిదుగురు జడ్జీలకు, ప్లాసిడ్ అత్త నుంచి, మంచిగా పంచుకోండి" అని రాసి పంపేసింది. విచారణకు గంట ముందు, అతని టై సరిచేస్తూ ఆ మాట చెప్పింది.

ప్లాసిడ్ మొహం తెల్లబోయింది. "అత్తా! అది లంచం అంటారే!"

"లంచమేంట్రా, రొయ్యలైతే?"

ఎర్లీన్ కుర్చీలో కూలబడింది. మాట్లాడకుండా ఉంటానని ఒట్టు వేయించుకుని ఒడీల్‌ని గదిలో ఒక మూల, కెమెరాకు కనపడకుండా కూర్చోబెట్టింది.

తెర మీద అయిదు మొహాలు తేలాయి. మధ్యలో ఉన్న కర్నల్ నెరిసిన జుట్టు ఆవిడ. నవ్వు అనేది ఆ మొహానికి ఎప్పుడూ పరిచయమైనట్టు లేదు.

"మిస్టర్ వెరెట్, మొదలుపెట్టే ముందు ఒక్క విషయం. పోయిన గురువారం మా ఆఫీసుకు ఒక ఐసుపెట్టె వచ్చింది. తనిఖీ మిషను తెర మీద దాని లోపల కొన్ని వందల కాళ్ళు కదిలాయి. భవనం మొత్తం ఖాళీ చేయించారు. మేం రెండు గంటలు వానలో నిలబడ్డాం. దాని గురించి మీకేమైనా తెలుసా?"

సీసాలు తారుమారయ్యాయి, అన్న మాట ప్లాసిడ్ నాలిక చివరిదాకా వచ్చి ఆగింది.

"మా అత్త పంపింది మేడమ్. మా ఊళ్ళో అలవాటు. నాకు ఇప్పుడే తెలిసింది."

"చచ్చిపోయాయా పాపం?" అంది మూలలోంచి ఒడీల్.

"ఆ గదిలో ఇంకెవరున్నారు?"

"ఆ అత్తే, మేడమ్."

కర్నల్ కొంచెంసేపు కాగితాలు సర్దుకుంది. "సరే. అది రికార్డులోకి ఎక్కింది. ఇప్పుడు చెప్పండి. రెండు వేల ఎనిమిది సెప్టెంబరులో మీరు గంజాయి తాగారా?"

"తాగాను."

"ఎందుకు?"

కేకు, పొగ, సీసాలు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. వాటిలో ఏదీ పట్టుకోవాలనిపించలేదు. వానలో రెండు గంటలు నిలబడి వచ్చినావిడకు పైన అబద్ధం కూడా చెప్పడం బాగుండదనిపించింది.

"మా వరసలో నా ముందు ట్రక్కు నా స్నేహితుడిది, మేడమ్. నేను సాయంత్రాలు ట్రంపెట్ ఊదుతుంటే వాడు ట్రక్కు తలుపు మీద వేలితో తాళం వేసేవాడు. తాళం ఎప్పుడూ తప్పేది, అయినా వేసేవాడు. ఆ ట్రక్కు పేలిపోయింది. తిరిగొచ్చాక వాడి సంతాప సభలో వీడ్కోలు పాట ఊదమన్నారు. ఇరవై నాలుగు స్వరాలే. నా పెదవులు కదల్లేదు. వాడి మీద డబ్బా పాడింది. ఆ రోజు మొదలుపెట్టాను. తప్పే. కానీ ఎందుకు అని అడిగారు కదా, అందుకు."

అప్పుడు మూలలోంచి పడవ సైరన్ లాంటి శబ్దం వచ్చింది. ఒడీల్ ముక్కు చీదుకుంది.

"మీ అత్తకు నీళ్ళివ్వండి," అంది కర్నల్. తర్వాత ఇంకో గంట అడిగారు. ఇప్పుడు ట్రంపెట్ ఊదుతారా అని ఒకాయన అడిగాడు. పడవల కొట్టు వెనక, ఎవరూ లేనప్పుడు, అన్నాడు ప్లాసిడ్. కాగితం మారితే ఏం చేస్తారని ఇంకొకాయన అడిగాడు. ఒక తాత చచ్చిపోవాలని ఎదురుచూస్తున్నాడని చెప్పాడు. దాన్ని వివరించడానికి పావుగంట పట్టింది.

ఆఖర్న తెర ఆరిపోబోతుండగా కర్నల్ ఒడీల్‌తో అంది, "మేడమ్, రొయ్యలను తనిఖీ వాళ్ళు తీసుకెళ్ళారు. కారప్పొడి పొట్లం మాత్రం లెక్క తేలలేదు. బహుశా మా వాళ్ళే ఎవరో."

జవాబు జూన్ చివర్లో వచ్చింది. ప్లాసిడ్ విప్పలేదు. ఒడీల్ విప్పలేదు. ఇద్దరూ దాన్ని గిన్నెల మిషనులో పెట్టి దాని ముందు కూర్చున్నారు. చివరికి ఎర్లీన్ వచ్చి విప్పింది. విడుదల ఒక మెట్టు పైకి జరిగింది, గౌరవప్రదమైన పరిస్థితుల్లో అని రాశారు. మత్తుపదార్థాల మాట కారణం గడిలోంచి తీసేశారు. అన్నిటికంటే పై మెట్టు ఇవ్వలేదు.

డెల్టన్ హాలు నియమాల పుస్తకం తెచ్చి, పుస్తకాన్నీ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి మూడుసార్లు చదివాడు. నుదురు తుడుచుకున్నాడు. రెండిట్లోనూ గౌరవమన్న మాట ఉంది, అది చాలనుకుని లోపలికి వెళ్ళి, ఒక టోపీ తెచ్చి ప్లాసిడ్ తల మీద పెట్టాడు. కొంచెం వదులైంది.

"బుగ్గలు పొంగించి పొంగించి నా దవడలు అరిగిపోయాయిరా," అన్నాడు. "పద, ఆ ముసలాయనకు చెబుదాం."

ఒవీడ్ తాత కాగితం చేతిలోకి తీసుకుని, చదవకుండా వాసన చూశాడు. "నేను చచ్చాక నాకేం వినపడుతుంది? ముందు ఊది చూపించు. నచ్చితే చస్తా."

వసారాలో మంచం వేయించుకుని పడుకున్నాడు. టోపీ గుండెల మీద పెట్టుకుని, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. ప్లాసిడ్ మెట్ల దగ్గర నిలబడి ట్రంపెట్ ఎత్తాడు. పెదవులు ఒకసారి వణికాయి. తర్వాత కదిలాయి. మొదటి మూడు స్వరాలు కాలవ మీదుగా అవతలి గట్టు దాకా వెళ్ళాయి. ఒక చోట మంచం పట్టె మీద ఒవీడ్ వేలు తాళం వేయడం మొదలుపెట్టింది, తప్పుగా. ప్లాసిడ్ ఆగలేదు. ఇరవై నాలుగూ పూర్తి చేశాడు.

ఆఖరి స్వరం ఇంకా గాల్లో ఉండగానే వీధి తలుపులు తెరుచుకున్నాయి. ఒవీడ్ ఇంటి దగ్గర ఆ పాట వినపడిందంటే అర్థం ఒక్కటే. చావు ఇంటికి కూడా కనార్‌లో ఉత్త చేతులతో రారు. పది నిమిషాల్లో వసారా ముందు బంగాళాదుంపల సలాడ్లు నాలుగు, చికెన్ గంబో పులుసు కుండ ఒకటి, రెండు కేకులు చేరాయి. నాట్యశాల యజమాని టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఫాదర్ పరిగెత్తుకొచ్చి, ఆయాసపడుతూ, మంచం మీద గాల్లో శిలువ గీయబోయాడు.

"అన్నం తెచ్చారా, లేక ఉత్త గంబోయేనా?" అన్నాడు ఒవీడ్, కళ్ళు తెరవకుండా.

ఫాదర్ అరిచిన అరుపు గురించి ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అందరూ తిట్టుకుంటూ కూర్చుని తిన్నారు. ఒవీడ్ రెండు గిన్నెలు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, ప్లాసిడ్‌ని దగ్గరికి పిలిచాడు.

"బాగుందిరా. నాకు నచ్చింది."

"అయితే తాతా?"

"అయితే ఏంటి అయితే? ఇంత బాగా ఊదేవాడు చేతిలో ఉంటే ఎందుకురా తొందర? వచ్చే శనివారం మళ్ళీ రా. ఈసారి ఒడీల్‌ని బురదరొయ్యలు ఉడికించమని చెప్పు."