కోడలి పరీక్ష
పాల డెయిరీ ల్యాబులో పనిచేసే కోడలు, మహమ్మారి మొదలయ్యాక, టమాటాల్ని సైతం పసిపిల్లకు తలంటినట్టు మూడు నీళ్లలో కడిగి తుడిచేది. తన పాపకు అత్తగారు చేత్తో తినిపించడం కూడా మాన్పించేసింది. "పొద్దస్తమానం అంట్లు తోమే చేతులివి. వీటికేం పుట్టిందే?" అని అత్తగారు మూతి ముడుచుకున్నారు. తేల్చేద్దామని కోడలు సూక్ష్మజీవుల్ని పెంచే గాజుపళ్లేలు రెండు తెచ్చి, ఒకదాంట్లో ఆవిడ వేళ్లూ, ఇంకోదాంట్లో పాప తింటూ ఆడుకునే తన ఫోనూ అద్దించి పట్టుకెళ్లింది.

రెండో రోజు ల్యాబు నుంచి పరుగున వచ్చింది. "అత్తయ్యా! మీ పళ్లెంలో రెండే చుక్కలు! నా ఫోనుదేమో ఆవాలు ఒలకబోసినట్టుంది! పాపకు ఇక మీరే తినిపించండి!" అత్తగారు చటుక్కున లేచి కుళాయి వైపు నడిచారు. "ఎక్కడికత్తయ్యా?" "ఆ రెండు చుక్కలూ కడుక్కొస్తానుండవే!"