పూలమ్మ ముఖానికి నలభై ఏడేళ్లు

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దాటాక ఒక ఫొటో స్టూడియో ఉంది. దాని మెట్ల పక్కన పూలమ్మ దువ్వెనలు, పిన్నీసులు, రబ్బరు బ్యాండ్లు అమ్ముతుంది. ముప్పై ఏళ్లుగా అదే చోటు. ఆదివారం పుస్తకాలవాళ్లు పేవ్‌మెంటంతా పరుచుకుంటే సందులోకి జరుగుతుంది. గుండ్రటి ముఖం, నిండు పెదవులు, చిన్న గడ్డం, నూనె రాసి ముడేసిన నల్లటి జుట్టు, అన్నీ తల్లి పోలిక. అరవై రెండేళ్లని చెబితే ఎవరూ నమ్మరు.

ఆధార్ మొదలైన రోజుల్లో ఆమె దగ్గర పుట్టిన తేదీ కాగితం లేదు. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఒకసారి తలెత్తి చూసి 1978 అని కొట్టాడు. ఒక ఆడమనిషి బతుకులోంచి పదిహేనేళ్లు ఎగరగొట్టడానికి అతనికి రెండు క్షణాలు పట్టింది.

మోకాళ్లు మొరాయించాక పూలమ్మ వృద్ధాప్య పింఛను కోసం నాంపల్లిలో ఒక ఆఫీసుకు వెళ్లింది. అక్కడి గుమస్తా భూపాల్ దరఖాస్తు కంటే ముందు ఆమె ముఖం చూశాడు.

"నీకెన్నేండ్లమ్మా?"

"అరవై దాటినయ్ సారు."

"పింఛనుకు యాభై ఏడు నిండాలె. కార్డుల నలభై ఏడున్నది. చూస్తే గూడ గంతే ఉన్నవ్."

"నా పెద్దకొడుకు పదో తరగతి మెమో తెచ్చిన. వానికి నలభై రెండు."

భూపాల్ మెమో తిప్పి చూసి వెనక్కిచ్చాడు. కార్డు లెక్కన పూలమ్మ ఐదో ఏట కొడుకును కన్నది. అందులో ఆయనకు వింతేమీ కనబడలేదు. కార్డులో ఉంటే ఉన్నట్టే, ముఖం కూడా సాక్ష్యం చెబుతోంది, ఇంకేం కావాలి?

మూడుసార్లు తిరిగి విసిగిపోయి, పూలమ్మ స్టూడియో మెట్లెక్కింది.

"నళినమ్మా, నా ఫొటోల జర ముడుతలు పెట్టియ్యి. ముసలిదాన్ని చెయ్యి."

నళిని ఆ స్టూడియోలో ఇరవై ఆరేళ్లుగా ఫొటోలు సరిచేస్తోంది. అంటే ఆడవాళ్ల ముఖాల్లోంచి ఏళ్లు తీసేస్తోంది. పెళ్లిసంబంధాల ఫొటోలకు తల్లులు ఆమె భుజం వెనకే నిలబడతారు. కళ్ల కింద నలుపు తీయమంటారు, బుగ్గలు నింపమంటారు, ఇరవై నాలుగేళ్ల పిల్లను పంతొమ్మిదికి దింపమంటారు. పెళ్లికొడుకులకు మాత్రం బట్టతల కప్పితే చాలు, మిగతా ముఖం ఎలా ఉన్నా మహారాజే. ఏళ్లు పెంచమన్న ఆడమనిషిని నళిని చూడటం అదే మొదలు.

"ఫొటో మారిస్తే రేపు నిన్నే దొంగను చేస్తరు పూలమ్మా. నేనొస్త పా, గాయనతోని మాట్లాడ్త."

ఆ నెలలోనే హైందవి అనే పరిశోధక విద్యార్థిని నళినికి ఒక పని అప్పగించింది. వేర్వేరు దేశాల ఆడవాళ్ల ఫొటోల్లో జుట్టు, బట్టలు కనబడకుండా ముఖం మటుకు ఉంచాలి. వాటిని జనానికి చూపించి వయసు చెప్పమంటుంది.

"వయసు అందరి ముఖంలోనూ ఒకేచోట బయటపడదు ఆంటీ," అని హైందవి వివరించింది. "తెల్లవాళ్లకి ముడతలు తొందరగా వస్తాయి. మనకి కళ్ల కింద నలుపు చిన్నప్పుడే ఉంటుంది. చూసేవాళ్లేమో తమకి అలవాటైన గుర్తులే వెతుక్కుంటారండి."

నళిని ఆమెనడిగి నాలుగు ఫొటోలు తీసుకుని పూలమ్మతో నాంపల్లి వెళ్లింది. వరసలో పాతికమంది ఉన్నారు.

"సారు, మీరు ముఖం చూసి వయసు చెప్తరంట. గీ నాలుగు జర చెప్పుండ్రి."

భూపాల్‌కు అది పొగడ్తలా వినబడింది. కళ్లద్దాలు సర్దుకుని తీర్పులిచ్చాడు. జపాన్ ఆమెకు ముప్పై ఐదు. ఫ్రాన్స్ ఆమెకు యాభై. కళ్ల కింద నల్లగా ఉన్న మూడో ఆమెకు నలభై ఐదు. ఘనా ఆమెకు ముప్పై.

నళిని ఫొటోల వెనక రాసి ఉన్నవి గట్టిగా చదివింది. యాభై ఎనిమిది. ముప్పై ఆరు. ఇరవై తొమ్మిది. యాభై ఒకటి.

వరసలో నవ్వులు మొదలయ్యాయి.

"ఫారినోళ్లు గదా, ఎట్ల తెలుస్తది?" అన్నాడు భూపాల్.

"మూడో ఆమె మన చాదర్‌ఘాట్ పిల్లనే సారు."

ఆయన అద్దాలు తీసి తుడిచాడు. తుడవాల్సింది అద్దాలేనన్నట్టు చాలాసేపు తుడిచాడు. తర్వాత సొరుగు లాగి ఒక ఫారం తీశాడు. వయసు తేల్చమని దవాఖానకు రాసే ఫారం అది. మొదటి రోజు నుంచీ అదే సొరుగులో ఉంది. పూలమ్మకు దాని సంగతి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

దవాఖానలో డాక్టరమ్మ పళ్లు చూసింది, ఎముకల ఎక్స్‌రేలు చూసింది, కొడుకు మెమో చూసింది. యాభై ఎనిమిదికీ అరవై మూడుకూ మధ్య అని రాసిచ్చింది. కార్డు దిద్దించడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ కాగితాలన్నీ పట్టుకుని పూలమ్మ చివరిసారి భూపాల్ ముందు నిలబడింది.

కలం తెరుస్తూ ఆయన మళ్లీ ఆమె ముఖంలోకి చూశాడు. "ఏమన్నగానీ, నిన్ను చూస్తే గన్నేండ్లు అనిపిస్తలేవమ్మా."

"మీకు అనిపించుడు ఇగ చాలు సారు. సంతకం చేయుండ్రి," అంది పూలమ్మ.

ఆయన సంతకం చేశాడు.