కింద పడని బావ

మొన్న రావులపాలెంలో బస్సుకి ఇంకా సమయం ఉందని సెలూన్లో కూర్చున్నాను. సెలూన్ ఆయన అద్దం ముందు సెల్‌ఫోను నిలబెట్టి ఏదో బాక్సింగ్ పోటీ చూస్తున్నాడు. నా గడ్డం మీద సబ్బు ఆరిపోతోంది. బెంచీ మీద ఉన్నవాళ్ళంతా కొట్టేవాడి పక్షమే. అరటిగెలల లారీ డ్రైవరొకాయన "ఏసెయ్, ఏసెయ్" అంటూ తన మోకాలినే గుద్దుకుంటున్నాడు. నేను మాత్రం కొట్టించుకుంటున్నవాణ్ణే చూస్తున్నాను. ముక్కు కమిలింది, ఒక కన్ను మూసుకుపోయింది, అయినా నిలబడే ఉన్నాడు. బాక్సింగులో అలాంటివాళ్ళు ఒక జాతి. గెలిచినా ఓడినా జనం వాళ్ళ గురించి చెప్పుకునేది ఒకటే, పడడు అని. మా బావ ఆ జాతి.

బావంటే మేనత్త కొడుకు. వాళ్ళది రాజోలు వైపు, మాది అమలాపురం పక్కన. అయినా బావ చదువుకని చిన్నప్పట్నించీ మా ఇంట్లోనే పెరిగాడు. పెద్ద తుపానుకి కొబ్బరిచెట్లు తలలు తెగి పడిపోయిన రోజుల్లో, మిలటరీ నుంచి వచ్చేసిన ఒక మాస్టారు మా ఊరి పీచు షెడ్డులో బాక్సింగ్ నేర్పేవారు. గోనెసంచిలో కొబ్బరిపీచు కూరి దూలానికి వేలాడదీసి గుద్దేవాళ్ళం. నాలుగు దెబ్బలకి ధూళి లేచి అందరం దగ్గేవాళ్ళం. బావ చెయ్యి అంత చురుకైనది కాదు. కానీ ఎంతటివాడు కొట్టినా కాళ్ళు కదిలేవి కావు. ఒకసారి తల విదిలించి నవ్వేవాడు. "ఈణ్ణి కొట్టడం కంటే తాటిమొద్దుని కొట్టడం నయమండి మాస్టారూ, అది నవ్వదు" అని షెడ్డులో కుర్రాళ్ళు మొత్తుకునేవారు. బావమరిదినైనందుకు నాకు గర్వంగా ఉండేది.

అక్కకీ బావకీ పెళ్ళని వాళ్ళు ఉయ్యాల్లో ఉండగానే నాన్నగారూ అత్తయ్యా అనేసుకున్నారు. ఇక ఆడపిల్లని అడగడమన్నది మా ఇళ్ళలో ఎవరికీ తోచదు. మాట తాంబూలాల దాకా వచ్చిన వేసవిలో బావ రాజోలు నుంచి సైకిలేసుకుని వచ్చి, అరుగు ఎక్కకుండానే నిలబడి, "క్షమించండి మావయ్యగారూ, నాకీ పెళ్ళి ఇష్టం లేదండి" అన్నాడు. ఆ రోజు మా తోటలో కొబ్బరి దింపు జరుగుతోంది. చెట్ల మీదున్నవాళ్ళు కూడా విన్నారు. నాన్నగారు, "ఆయ్, మంచిది" అని మాత్రం అన్నారు. ఆ తర్వాత ఆయన బజారుకి వెళ్ళడం మానేశారు. అక్క వంటింట్లోంచి బయటికి రాలేదు. ఏడుస్తోందనుకున్నాను.

ఆ రోజు నుంచి నేను గుద్దింది పీచు సంచిని కాదు. జిల్లా పోటీలకి మా షెడ్డు నుంచి ఒక్కో బరువుకి ఒక్కణ్ణే పంపేవారు. ఒకే బరువులో ఇద్దరుంటే ముందు వాళ్ళిద్దరికీ షెడ్డు దగ్గరే పోటీ పెట్టేవారు. బావది నాకంటే పై బరువు. అతను నాకు రింగులో దొరకాలంటే నేను లావెక్కాలి. పగ తీర్చుకోవడానికి కత్తులు నూరినవాళ్ళ గురించి విన్నాను గానీ, చక్కరకేళీలు తిన్నవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను. పెరుగన్నంలో పళ్ళు, ఆపైన పనసతొనలు, ముదురు కొబ్బరి, సున్నుండలు. పిల్లాడి బెంగ తీరిందని అమ్మ సంతోషపడి ఇంకో గరిటె వేసేది. ప్రతి ముద్దా బావ దవడ మీద పడబోయే దెబ్బే అనుకుని మింగాను. తూకం చూసిన రోజున మాస్టారు నా మొహంలోకి చూసి, "కోపంతో రింగెక్కితే ఊపిరి అందదురా అబ్బాయీ" అన్నారు. "కోపమేం లేదండి" అన్నాను.

షెడ్డు ముందు తాళ్ళు కట్టారు. నాన్నగారు చాలా రోజులకి ఇల్లు కదిలి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నాకు గెలుపు అక్కర్లేదు. అతను నేల మీద పడాలి, అది ఆయన చూడాలి. మొదట్లోనే ఒకరినొకరం పట్టుకున్నప్పుడు బావ మెల్లిగా, "మీ అక్క ఎలా ఉందిరా?" అన్నాడు. వెటకారమనుకున్నాను. ఆ తర్వాత నేను చేసింది బాక్సింగ్ కాదు. చెంప మీద, కణత మీద, చెవి మీద, ఎక్కడ దొరికితే అక్కడ కొట్టాను. అతను చేతులు అడ్డం పెట్టుకున్నాడే తప్ప నన్ను ఒక్కటీ గట్టిగా కొట్టలేదు. పెదవి చిట్లింది. ఒకసారి మోకాళ్ళు వంగాయి. జనం లేచారు. "పడు, పడు" అని నేను పైకే అంటున్నాను. పడలేదు. మాస్టారు నా చెయ్యి పైకెత్తారు గానీ చప్పట్లు అతనికే. "కొట్టినోడే రొప్పుతున్నాడ్రోయ్" అని ఎవరో అంటే అందరూ నవ్వారు.

ఇంటికి వెళ్ళేసరికి అక్క చేటలో బియ్యం ఏరుతోంది. వాచిన చెయ్యి చూపించి, "నీ పగ తీర్చేసేనే అక్కా" అన్నాను.

"ఎవర్ని కొట్టేవు?"

"బావని. నిన్నొద్దన్నందుకు."

చేట కింద పెట్టేసింది. "వద్దన్నది నేన్రా. ఒకే కంచంలో తిని పెరిగేం, మొగుడనుకోలేను బావా అని నేనే ఏడిస్తే, నిందంతా తను నెత్తినేసుకున్నాడు. ఎవరికీ చెప్పనని నా మీద ఒట్టేసేడు."

"నాకైనా చెప్పొచ్చు కదే?"

"నువ్వడిగేవా?"

అడగలేదు. ఆ సాయంత్రమే రాజోలు బస్సెక్కి వెళ్ళవలసింది. వెళ్ళలేదు. నాన్నగారు మళ్ళీ బజారుకి వెళుతున్నారు, ఊళ్ళో నన్ను మగాడంటున్నారు, ఆ మాట తియ్యగా ఉంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజం తెలిశాక కూడా, అతను పడలేదన్న కసి నన్ను చాలాకాలం వదల్లేదు. అక్కని కొత్తపేట ఇచ్చారు. బావ గ్లోవ్స్ వదిలేసి కొబ్బరి వ్యాపారంలో దిగాడు.

ఏళ్ళు గడిచి అందరూ కలిశాక, అక్క కూతురి ఓణీల వేడుకలో భోజనాల బల్ల దగ్గర బావకి ఎడమపక్కన చోటు దొరికింది. ఆ గోలలోనే, "తప్పయిపోయింది బావా. తెలీక కొట్టేను" అన్నాను. అతను పప్పన్నం కలుపుకుంటూనే ఉన్నాడు. క్షమించలేదనుకుని చేతి మీద చెయ్యి వేశాను. మొహమంతా నా వైపు తిప్పాడు.

"ఏంట్రా? ఇటేపు చెవి వినపడదు నాకు."

"ఎప్పట్నించి బావా?"

"ఎప్పట్నించో లేరా. ఏదో అంటున్నావు, గట్టిగా చెప్పు."

వరసలో అందరూ మా వైపే చూస్తున్నారు. "పులిహోర బాగుందంటున్నాను" అన్నాను. అతను వడ్డించేవాణ్ణి కేకేసి నా విస్తట్లో ఇంకొంచెం వేయించాడు. ఈసారి కలిసినప్పుడు కుడిపక్కన కూర్చుని చెప్పాలనుకున్నాను. అలా అనుకుంటూ ఉండగానే వేసవులు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి.