తర్లుపాడు వదిన, అండమాన్ వాన

అండమాన్ యాత్రలో నాలుగు రోజులూ నా గదిలోనే ఉన్న తర్లుపాడు వదిన, ఏ సముద్రతీరానికి పోయినా ముందు ఇంటి దగ్గరున్న భర్తకు ఫోను చేసేది. "ఆడ వాన పడిందా?" అదొక్కటే అడిగేది. వాళ్ళ మూడెకరాల కంది మొలకెత్తి, తడి లేక వాడిపోతూ ఉండింది.

"సముద్రం చూడొదినా," అంటే, "చూస్తానే ఉండా. ఇన్ని నీళ్ళుండి ఏం లాభం, కందికి పనికిరావు," అనేది.

ఆఖరిరోజు పగడాల దీవికి పోవలసిన తొమ్మిదింటి పడవ కుండపోత వానకు రద్దయింది. రేవు షెడ్డు కింద అందరం విసుక్కుంటూ నిలబడ్డాం. ఆమె మాత్రం, "ఈడ పడతాంది. నీకు ఇనపడతాందా?" అంటూ ఫోనున్న చేతిని చూరు బయటికి చాచింది.

ఫోను పాడవుతుందని నేను చేయి పట్టి లాగబోయాను. అంతలో స్పీకర్లో వాళ్ళాయన గొంతు వినిపించింది.

"ఇంకాసేపు అట్లనే పట్టుకో."