కుట్టకుండా వదిలిన చిరుగు

మా ఆడపడుచు రఫూ పని చేస్తుంది. వీధిలో అందరికీ ఆమె రఫూ అక్క. ఎలుక కొట్టిన శాలువా అయినా, నిప్పురవ్వ పడ్డ కోటు అయినా ఆమె చేతికిచ్చి తీసుకున్నాక, చిరుగు ఎక్కడుండేదో ఇచ్చినవాళ్ళే వెతుక్కోవాలి. ఆ గుడ్డ లోపలి మడతల్లోంచే నాలుగు పోగులు లాగి, వాటితోనే అల్లేస్తుంది. ముందు గదిలో కిటికీ పక్కన ఆమె బల్ల. మధ్యాహ్నం ఎండ దాని మీదికి జారి, నూలు ధూళి అందులో తేలుతుంటే, గుడ్డని వెలుతురుకెత్తి చూస్తూ అలా ఉండిపోతుంది. పని చేస్తోందో కలగంటోందో నాకు తెలిసేది కాదు. కూరగాయలు తరుగుతూ నేనూ ఆ గుమ్మంలోనే కునికేదాన్ని. ఇంట్లో నాకు ఇష్టమైన చోటు అదే.

మా ఆయన రిటైరయ్యాక ఆయన కన్ను ఆ కిటికీ మీద పడింది. వాలుకుర్చీ వేసుకుని వీధి చూస్తూ కూర్చోవాలట.

"నీ బల్ల వెనక గదిలో వేసుకో. లైటు పెట్టిస్తాను," అన్నారు చెల్లెలితో.

"లైటు కింద నలుపూ ముదురు నీలం ఒకేలా కనిపిస్తాయి అన్నయ్యా. అక్కడ నా పని సాగదు."

"అయితే చదరంగం తియ్యి."

మా మామగారు పెట్టిన పద్ధతది. ఇంట్లో మాట తెగకపోతే చదరంగం పరుస్తారు. గెలిచినవాళ్ళ మాటే నెగ్గుతుంది, ఓడినవాళ్ళు మళ్ళీ ఆ ఊసెత్తకూడదు. వినడానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, ఎప్పుడూ ఒక్కరే గెలుస్తుంటే దాన్ని పద్ధతంటారా? గోడల రంగు దగ్గర్నుంచి గడియారం ఎక్కడ తగిలించాలన్నదాకా అన్నీ మా ఆయనే నెగ్గారు. వేరే ఊరెళ్ళి చదువుకుంటానన్న ఆమె కోరిక కూడా ఓ ఆటలోనే పోయింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆమెకు ఆట రాక కాదు. చిరుగు కనబడితే ఆమె చెయ్యి ఊరుకోదు. బంట్ల వరస కాస్త చెదిరితే చాలు, మిగతావన్నీ మానేసి దాన్ని సరిచెయ్యడానికి కూర్చుంటుంది. ఈలోపు మా ఆయన గుర్రాలు ఆమె నట్టింట్లోకి వచ్చేసేవి.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ కిటికీ కిందే ఆడారు. ఎండ గళ్ళ మీద నిద్రమత్తులా పరుచుకుంది. మా ఆయన బంట్లు ప్రహరీ కట్టినట్టు నిలబడ్డాయి. తీరిగ్గా తన శకటుతో ఆమె గుర్రాన్ని కొట్టారు. ఆ శకటుని మంత్రితో కొడితే ఆమె బంట్లు చెక్కుచెదరవు. ఏళ్ళ తరబడి ఆమె చేసిందదే. ఈసారి బంటుతో కొట్టింది.

ఆ బంటు పక్క వరసలోకి వెళ్ళి మరో బంటుకు ముందు అడ్డంగా నిలిచింది. అంచున ఉన్న బంటుకు తోడు లేకుండా పోయింది. ఆమె రాజు ముందు నిలువునా ఖాళీ.

"ఏమ్మా, కళ్ళజోడు మర్చిపోయావా? ఇంత చిరుగు పెట్టుకుని కూర్చున్నావేం," అన్నారు మా ఆయన నవ్వుతూ.

"ఉండనీ అన్నయ్యా."

నాకైతే ఆమె బల్ల వెనక గదికి మోసుకుపోతున్నట్టు కళ్ళకు కట్టింది.

ఆమె తన రాజుని మూలకు జరిపింది. ఖాళీ అయిన వరసలోకి ఏనుగుని తెచ్చింది. అది అడ్డూ ఆపూ లేకుండా ఆ కొసన మా ఆయన రాజు ముందున్న బంటు దాకా చూస్తోంది. ఇటు నుంచి ఆమె శకటు కూడా ఐమూలగా ఆ బంటు మీదే కన్నేసింది. ప్రహరీ వెనక మా ఆయన ఏనుగులు బయటికి దారి లేక ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. అప్పుడామె మంత్రిని ఎత్తి, తొందరేం లేనట్టు, ఆ బంటు నోటికందేచోట పెట్టింది.

మా ఆయన చెయ్యి గబుక్కున బంటు మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. అది మంత్రిని కొట్టడానికి పక్కకు కదిలితే, వెనకున్న రాజు ఏనుగు దారిలో పడతాడు. కొట్టడానికి లేదు. కొట్టకపోతే మంత్రి లోపలికొస్తుంది, ఆట కట్టు. ఎండ ఒక గడి నుంచి ఇంకో గడికి జరిగింది. ఆయన తన బంట్లను ఒక్కొక్కటే వేలితో తాకి చూసుకున్నారు.

"ఎనిమిదీ ఉన్నాయి కదే. ఒక్కటీ పోలేదు," అన్నారు చిన్నగా. తర్వాత రాజుని పడుకోబెట్టారు.

ఆమె వంటింట్లోకి వచ్చాక అడిగాను.

"ఈసారి ఎందుకు సరిచేసుకోలేదు?"

"కిటికీయే పోతుంటే ఇంక దాచుకునేదేముంది వదినా. కుట్టకుండా వదిలితే ఆ చిరుగులోంచి వెలుతురు వస్తుందేమో అని చూశానంతే."

ఆమె చేతులు రెండూ పట్టుకున్నాను. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం మా ఆయన వాలుకుర్చీ మోసుకుంటూ వెనక గదికి బయల్దేరారు. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండానే అంది.

"అది ఇక్కడే వెయ్యి అన్నయ్యా. వెలుతురుకి అడ్డం రాకుండా, కొంచెం అటు."

వేశారు. కాసేపు వీధి చూశారు. ఆ తర్వాత, "నువ్వు చదువుకుంటానన్న రోజు..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. ఓడిపోయింది కాబట్టి ఆమె ఆ మాట ఇన్నేళ్ళూ ఎత్తలేదు. ఎత్తగలిగింది ఆయనొక్కరే.

ఆమె చేతిలో సూది ఆగింది.

"చెప్పు అన్నయ్యా. వింటున్నాను," అంది.