ట్రాలీ ఎక్కి గుట్టను కరిగించాను

ఊరందరి ముందు ఒక్క మాటతో గుట్టను సగానికి సగం కరిగించి, మరుక్షణమే నవ్వులపాలైన ఘనత నాది. సిగ్గుపడుతూ చెబుతున్నాననుకునేరు, అదేం లేదు.

మాది ఉదయగిరి నుంచి సీతారామపురం వెళ్లే దారిలో గొర్రెలు మేపుకునే ఊరు. నేను అప్పట్లో ఆత్మకూరులో ఒక కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. ఆదివారం ఇంటికి వచ్చినప్పుడల్లా మా గుట్ట కాస్త చిక్కినట్టు అనిపించేది. దాని పక్కనే మాలకొండయ్య మామ గ్రావెల్ తవ్విస్తున్నాడు. తన పట్టా దాటలేదని ఆయన, గొర్రెల మేత దాకా వచ్చేశాడని మావాళ్లు. ఎవరి మాట నిజమో ఫొటోలతోనే తేల్చుదామనుకున్నాను. ఒకే చోట నిలబడి, ఒకే వైపు చూస్తూ నెలనెలా ఒక ఫొటో తీయడం. అంతే శాస్త్రం. చిన్నపిల్లలకైనా వస్తుంది, నాకే రాలేదు.

నిలబడే చోటుగా మా చేను గట్టున ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని పాత ట్రాక్టరు ట్రాలీని ఎంచుకున్నాను. ఎక్కితే గుట్టంతా కనిపించేది.

"ఎండలో ఏందిమ్మా ఆ నిలబడేది? మాడిపోతావు" అనేవాడు నాయన.

"సైన్సు నాయనా" అనేదాన్ని.

వేసవిలో ఒక ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకుంటూ వచ్చి ట్రాలీ ఎక్కితే నెత్తిన చల్లగా ఉంది. ఈ ఏడు ఎండలు తగ్గాయనుకున్నానే గాని, తలెత్తి పైన చింతచెట్టు ఎక్కడిదని చూడలేదు. కెమెరాలో గుట్ట చిన్నదైపోయి కనిపించింది. ఒళ్లు మండిపోయింది.

గ్రామసభకు ఫొటోలు పెద్దవి వేయించి తీసుకుపోయాను.

"పోయినేడు గుట్ట ఇంత ఉండింది. ఇప్పుడు చూడండి. మామ సగం గుట్ట తోలేసినాడు."

మామ లేచి, పెళ్లిసంబంధం ఫొటో చూసినంత శ్రద్ధగా వాటిని చూశాడు.

"పాపా, గుట్టను నేనే తినినా అనుకో. మన వాటర్ ట్యాంకు గూడా సగమై ఉండాదే. అదెవురు తినినారు?"

సభ గొల్లుమంది. అప్పుడు వెనక వరసలోంచి నాయన నిదానంగా లేచాడు.

"నేనేనమ్మా, ట్రాక్టరు కట్టి ట్రాలీని గుట్టకి దూరంగా చేను ఈ చివరకి లాగించినాను. నువ్వు ఎండలో మాడతా ఉంటే చూడలేక చింతచెట్టు కిందకి తెచ్చినా."

"నాకెందుకు చెప్పలేదు నాయనా?"

"నీడలో నిలబడినావు గదా, తెలిసే ఉంటాదిలే అనుకున్నా."

ఈసారి నవ్వుకి మైకు కూడా తట్టుకోలేక కీచుమంది. బుద్ధున్న మనిషైతే అక్కడితో కూర్చునేది. నేను కూర్చోలేదు.

"సరే, ట్రాలీ జరిగింది. తప్పు నాదే. నవ్వుకోండి, అయిందాకా ఆగతా" అని నిజంగానే ఆగాను. ఎంతసేపని నవ్వుతారు? సద్దుమణిగాక మొదటి ఫొటోనూ కొత్తదాన్నీ పక్కపక్కన పైకెత్తాను.

"ట్యాంకు చిన్నదయినా ఉండాది. కరెంటు స్తంభం చిన్నదయినా ఉండాది. గుట్ట కింద మన గొర్రెలు పడుకునే వేపచెట్లు మాత్రం కొత్తదాంట్లో చిన్నవి గూడా కాలేదు, లేనే లేవు. ట్రాలీ జరిగితే చెట్లు మాయమవుతాయా మామా?"

మామ ఫొటోను దగ్గర పెట్టుకుని చూశాడు, దూరం పెట్టి చూశాడు.

"గాలికి పడిపోయి ఉంటాయిలే పాపా."

"పడితే మొద్దులన్నా ఉంటాయి గదా. పదండి, పోయి చూద్దాం."

సభ సభంతా గుట్టకు నడిచింది. మొద్దులు లేవు. అవి నిలిచిన నేలే లేదు, అక్కడ గొయ్యి ఉంది. సర్వే చేయించాక మామ మిషన్లు తన గట్టు లోపలికి వెళ్లిపోయాయి. నేను మాత్రం ఫొటోలు మానలేదు. మొన్న కూడా మామ నన్ను చూసి, "ఏం పాపా, ఈ నెల గుట్ట ఉండాదా?" అని వెక్కిరించాడు.

"ఉండాది మామా. పక్కన నువ్వు గూడా ఫొటోలో బాగా పడినావు" అన్నాను. ఆయన గబగబా చొక్కా సర్దుకున్నాడు.

కనుక మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కింద టైర్లున్న వస్తువునూ, కూతురు ఎండలో నిలబడితే చూడలేని నాయననూ నమ్ముకుని ఇక జన్మలో సైన్సు చెయ్యను.