బూడిదలో జిప్పు పళ్ళు

ఈ ఉదయం బాల్కనీలో పత్రిక విప్పగానే ఆ వాసన వచ్చింది. కాలుతున్న పాలిస్టరు వాసన. మొదట తియ్యగా తగిలి, వెంటనే గొంతు గీరుతుంది. ఒకప్పుడైతే గడియారం చూసి, గాలి ఎటు వీస్తున్నదో చూసి, నోటు పుస్తకంలో నమోదు చేసి, కుర్చీలోంచి కదలకుండానే దోషి ఎవరో తేల్చేసేవాణ్ణి. ఈ రోజు పుస్తకం బల్ల మీదే వదిలేసి చెప్పులు వేసుకున్నాను. అరవై తొమ్మిదేళ్ల మనిషి మెట్లు అంత వేగంగా దిగకూడదని నా భార్య వెనుక నుంచి కేకలు వేస్తూనే ఉంది. నాకీ పరుగు నేర్పింది రాజవ్వ. ఆమె పోయి రెండేళ్లయింది.

అమ్రోలిలో మా ఇంటి వెనుక వీధిలో రాజవ్వ చిందీ గోదాం నడిపేది. కుట్టు కార్ఖానాల్లో మిగిలే గుడ్డపేలికలను సూరత్‌లో చిందీ అంటారు. ఈ నగరం పెరిగే కొద్దీ ఆ గుట్టలూ పెరుగుతున్నాయి. వాటిని వేరు చేసే చేతులను మాత్రం ఎవరూ తలుచుకోరు. మగ్గాల పని కోసం కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబం ఆమెది. మాదీ అంతే. నేను ఖటోదరాలోని ఒక కార్ఖానాలో ముప్పై ఏళ్లు స్టాకు పుస్తకాలు రాసి రిటైరయ్యాను. ఆమె మరో ఆరుగురు ఆడవాళ్లతో కూర్చుని, నూలు పేలికలు యంత్రాలు తుడవడానికి ఒక కుప్ప, పాలిస్టరువి పరుపుల్లో కూరడానికి మరో కుప్ప చేసేది. గుండీలు, హుక్కులు, జిప్పులు రేకు డబ్బాల్లోకి వెళ్లేవి.

ఆ రోజుల్లో మధ్యాహ్నాలు మా వీధిని పొగ కమ్మేసేది. నేను ఊరుకునే మనిషిని కాను. పొగకు ఒక గడి, వాసనకు ఒకటి, గోదాం చప్పుడుకు ఒకటి గీసి రెండు నెలల పాటు ఒక్క రోజూ తప్పకుండా రాశాను. పొగ గోదాం వైపు నుంచే వస్తోంది కనుక గోదాందే అని తీర్మానించి, ఇరుగుపొరుగు చేత సంతకాలు పెట్టించి వార్డు ఆఫీసులో ఇచ్చాను. వారంలో ఖాళీ చేయమని గోదాం తలుపు మీద నోటీసు అంటించారు. నా పుస్తకం గెలిచిందని ఆ రోజు భార్యకు రెండుసార్లు చెప్పాను.

మర్నాడు పొద్దున్నే రాజవ్వ మా గుమ్మంలో నిలబడింది. నాకంటే పదేళ్లు పెద్దది.

"రాతల సారంటే నువ్వేనా?"

"నేనే."

"గిట్ల పైన కూసోని గంత రాసినవ్. ఒక్కపారన్న కిందికి దిగినవా?"

"తేదీలతో సహా అన్నీ రాసి ఉన్నాయమ్మా."

"అయితే ఆ బుక్కు గూడ పట్కరా. నీకు బూడిద సూపిస్త."

గోదాం గోడ దాటగానే, మురుగుకాలువ గట్టున నల్లటి కుప్ప కనిపించింది. నేను ముక్కు మూసుకుని రెండడుగుల దూరాన ఆగిపోయాను.

"ముట్టు సారూ. కర్వది."

ముట్టాను. కరిగి గట్టిపడిన నల్లని ఉండలు చేతికి తగిలాయి. వాటి మధ్య జిప్పు పళ్ళు, జాకెట్టు హుక్కులు, సగం కరిగిన గుండీలు. రాజవ్వ వాటిని నా అరచేతిలో పోసింది.

"మా ఆడోళ్ల చేతులల్ల పడ్డ గుడ్డకు జిప్పు మిగుల్తదా? పిల్ల తలల పేన్లు ఏరినట్టు ఏర్తం. ఇది ఎవ్వలి చెయ్యి తాకని మాల్. కార్ఖానాకెల్లి సీదా తెచ్చి అంటువెడుతున్రు." నా పుస్తకం వైపు చూసింది. "పోయిన నెల మనుమరాలి లగ్గానికి ఊరికి పోయి ఎనిమిది దినాలు తాళమేసినం. అప్పుడు పొగ లేవలేదా? జర నీ బుక్కుల సూడు."

పేజీలు తిప్పాను. చప్పుడు గడిలో వరుసగా ఎనిమిది రోజులు టిక్కు లేదు. మొదటి రోజున 'ప్రశాంతం' అని రాసి కింద గీత కూడా గీసుకున్నాను. పక్కనే ఉన్న పొగ గడిలో ఐదు టిక్కులు! రెండు గడులూ నా చేతిరాతే, రెండూ నిజమే. వాటిని పక్కపక్కన పెట్టి చదివిన పాపాన మాత్రం పోలేదు. సిగ్గుతో చెవులు మండిపోయాయి. కానీ దాచడమెందుకు, ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎన్నడూ ఎరుగని ఉత్సాహం నన్ను ఊపేసింది.

"ఐదు రోజులు, రాజవ్వా! ఐదు రోజులు!"

"గంతగనం ఒర్రకు సారూ, బర్లు బెదుర్తయ్," అని ఆమె కాలువలో పడుకున్న గేదెలను చూపించి పకపకా నవ్వింది.

అటు నుంచి అటే ఆటోలో వార్డు ఆఫీసుకు వెళ్లాం. రాజవ్వ రేకు డబ్బాలో నింపుకొచ్చిన బూడిదను అధికారి బల్ల మీద కుమ్మరించింది. ఆయన "అరే, టేబుల్ గందా హో గయా!" అని, మురికైన బల్లను చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "సాబ్, హమారా గల్లీ రోజ్ గందా హోతా," అంది రాజవ్వ తొణక్కుండా. నా ఫిర్యాదు తప్పని నా పుస్తకంలోంచే చదివి వినిపించాను. ఆరోపణా మీదే, ఎదురు వాదనా మీదేనా అని ఆయన హిందీలో విసుక్కున్నాడు. అవును, రెండూ నావే, విచారణ మాత్రం మీ పని, అది చేయకుండానే నోటీసు ఎలా అంటించారని గట్టిగా అడిగాను. మూడో రోజు మధ్యాహ్నం గట్టు మీద కాపు కాసిన ఆయన మనుషులకు, మూటలు దించి నిప్పు పెడుతున్న కార్ఖానా టెంపో వాళ్లు దొరికిపోయారు.

గోదాం నోటీసు రద్దయింది. రాజవ్వ దాన్ని చింపలేదు. అంచులు తడిపి మెల్లగా ఊడదీసి, చిత్తు కాగితాల సంచిలో వేసింది.

"గిది గూడ మాలే సారూ!"

ఆ సాయంత్రమే నా పుస్తకంలో నాలుగో గడి గీశాను. దాని పైన 'ముట్టి చూశాను' అని రాశాను. అది నిండని రోజున ఎవరి మీదా అర్జీ రాయను. ఆమె ఉన్నంత కాలం వారానికోసారి గోదాంకు వెళ్లి ఆ గడి చూపించేవాణ్ణి. చదవడం రాని ఆ మనిషి టిక్కులు లెక్కపెట్టి, తక్కువైతే "కాళ్లు నొస్తున్నయా సారూ?" అని దెప్పేది.

ఈ ఉదయం కాలువ గట్టున కొత్త కుప్ప ఉంది. వెచ్చని బూడిదలో వేళ్లు పెట్టి కెలికాను. జిప్పు పళ్ళు దొరికాయి. గోదాంలోని ఆడవాళ్లను పిలిచి చూపించి, ఇంటికొచ్చి, చేతులు కడుక్కోమని భార్య అరుస్తున్నా వినకుండా పుస్తకం తెరిచాను. నాలుగో గడిలో టిక్కు పెట్టబోయాను. అవసరం లేకపోయింది. నా బొటనవేలి మసి అప్పటికే అక్కడ పడింది.